ఊరిసభలో మన చోటు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి రుచి చూసి, పంచాంగ శ్రవణం విని, పిల్లల నాటకం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తున్న సభలో ప్రసంగానికి నిలబడడం కొంచెం సాహసమే. కార్యదర్శిగారు మాకు ఇరవై నిమిషాలు ఇచ్చినారు. గడువు దాటితే మొగమాటపడక గంట కొట్టమని మేమే వారికి చెప్పి వచ్చినాము.

మా కుటుంబాలు తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలనుండి వచ్చినవి. మేము నేతపనివాళ్ళము. తాతల కాలంలో చేతిమగ్గం, తండ్రుల కాలంలో మరమగ్గం, మా కాలంలో ఉద్యోగం. ఆ ఉద్యోగమే మమ్ములను ఈ మహానగరానికి తెచ్చినది. ఇంటిలో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుతూ పెరిగినాము. ఆడికృత్తికనాడు కావడి ఎత్తుకొని కొండెక్కేవారిలో తెలుగువారెవరో తమిళులెవరో నోరు తెరిచేదాకా తెలియదు. నోరు తెరిచినా “హరోహర” అన్నమాట ఇద్దరికీ ఒక్కటే గదా!

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లని మా అవ్వ ఎక్కుతూ ఎక్కుతూ మాకు లెక్క నేర్పినది. ఈనాడు మేము చెప్పదలచుకొన్నది ఆ 365 రోజులలో ఆరు రోజుల సంగతి. ఆ ఆరు రోజులూ ఊరివి. ఆ రోజులలో ఊరు ఒకచోట కూర్చొని తన మంచిచెడ్డలు తానే మాట్లాడుకోవలెనని ప్రభుత్వ నియమం. ఆ కూర్చోవడంలో మన వారి చోటు ఎక్కడ అన్నది మా ప్రశ్న.

ముందు కొంచెం పాత కథ చెప్పవలసి ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు తిరుత్తణి చిత్తూరుతోపాటు ఆంధ్రలో ఉన్నది. దానిని మద్రాసు రాష్ట్రంలో కలపాలని మ.పొ. శివజ్ఞానంగారు మొదలైన తమిళ పెద్దలు ఉద్యమం నడిపినారు. కూడదని మన వారు వాదించినారు. చివరకు హెచ్.వి. పటాస్కర్‌గారి మధ్యవర్తిత్వంతో ఒడంబడిక కుదిరి, 1959లో పార్లమెంటు చట్టం చేసినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో చాలాభాగం మద్రాసు రాష్ట్రంలోకి పోయినది. దానికి మారుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రకు వచ్చి సత్యవేడు ప్రాంతంలో చేరినవి. తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అప్పుడు ఉపరాష్ట్రపతి. ఆయన ఆ పదవిలో ఉండగానే ఆయన పుట్టిన ఊరు రాష్ట్రం మారినది! తర్వాత 1997లో చెంగల్పట్టు జిల్లానుండి విడిపోయి తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది. తిరుత్తణి ఇప్పుడు ఆ జిల్లాలోనిదే.

ఈ పాత గాయాన్ని రేపడం మా ఉద్దేశం కాదు. ఒక్క సంగతి గమనించండి. పటాస్కర్‌గారు గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొన్నారు. ఏ గ్రామంలో ఏ భాష మాట్లాడేవారు ఎక్కువ, ఆ గ్రామం ఎవరి పొలిమేరకు ఆనుకొని ఉన్నది అని చూసి గీత గీసినారు. అందులో న్యాయం లేదని మేము అనము. కాని ఆనాడు గ్రామం ఒక అంకె అయినది. మా అవ్వ ఒక అంకె, మా తాత ఒక అంకె. వాళ్ళ నాలుకను లెక్కపెట్టినారు; ఆ నాలుకతో వాళ్ళు చెప్పవలసిన మాటకు మాత్రం చోటు చూపలేదు. “రాత్రి చిత్తూరు జిల్లాలో పడుకొంటిమి, తెల్లవారి చెంగల్పట్టు జిల్లాలో లేస్తిమి” అని తాత నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వులో కొంచెం నిట్టూర్పు ఉండేది.

మనిషిని లెక్కపెట్టడం వేరు, మనిషిని అడగడం వేరు. మేము ఈరోజు చెప్పేదంతా ఈ రెండింటి నడుమ ఉన్న తేడాయే.

అడిగే ఏర్పాటు చట్టంలోకి రావడానికి ఇంకొక ముప్పైమూడేళ్ళు పట్టినది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగంలో స్థానమిచ్చినది. గ్రామసభకు కూడా ఇచ్చినది. మనలో చాలామంది గ్రామసభ అంటే పంచాయతీ ప్రెసిడెంటూ మెంబర్లూ అనుకొంటారు. అది పొరపాటు. ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. దానికి పోటీచేసి గెలవనక్కరలేదు. అయిదేళ్ళకు ఆ సభ్యత్వం ముగిసిపోదు. మగ్గం దిగి వచ్చిన మనిషి అయినా, పశువులను కట్టేసి వచ్చిన మనిషి అయినా అక్కడ సరిసమానులే. ఏ భాష మాట్లాడతావని ఆ జాబితా అడగదు.

తమిళనాడు 1994లో తన పంచాయతీ చట్టం చేసుకొన్నది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో గ్రామసభ జరిగే ఆనవాయితీ ఏర్పడినది. 2022లో మార్చి 22, నవంబరు 1 కూడా చేర్చినారు. అవే మేము చెప్పిన ఆరు రోజులు. ఊరి జనాభానుబట్టి ఇంతమంది రావలెనన్న నియమమూ ఉన్నది: 500 లోపు జనాభాకు 50 మంది, 3,000 లోపు అయితే 100 మంది, 10,000 లోపు అయితే 200 మంది, ఆపైన 300 మంది. ఊరికి చేయవలసిన పనుల జాబితా, జమాఖర్చులు, తనిఖీ నివేదిక, ప్రభుత్వ సహాయం ఎవరికి అందవలెనన్నది, ఇవన్నీ ఆ సభ ముందుకు రావలసినవే.

చట్టం సంగతి ఇది. ఇక కంటితో చూసినది చెబుతాము.

కొన్ని సంవత్సరాల కిందట ఏప్రిల్ చివర మా ఇంటి పెళ్ళికి ఊరికి పోయి, మే 1న గ్రామసభ అంటే చూడడానికి పోయినాము. బడి ఆవరణలో వేపచెట్టు కింద జంపఖానా పరిచినారు. రెండువేల పైచిలుకు జనాభా, నూరుమంది రావలెను. వచ్చినవారు అరవైమంది. “ఎప్పుడూ ఇంతే. పుస్తకం ఇంటింటికీ పంపి సంతకాలు తెప్పిస్తే సరిపోతుంది” అని పక్కన ఒకాయన సహజంగా చెప్పినాడు. ఆనాడు మాత్రం ఎవరో పట్టుబట్టినారు. పిల్లలు వీధులవెంట పరుగెత్తి పిలిచినారు. గంటసేపటికి లెక్క నూరు దాటినది.

మేము ముందువరుసలో కూర్చొన్నాము. ఊరి గుడి గోపురానికి చందా పంపినవాళ్ళము గదా, ఆ మాత్రం పెద్దరికం మనసులో ఉన్నది. రిజిస్టరు పట్టుకొన్నాయన వచ్చి, “మీ పేరు ఈ ఊరి జాబితాలో ఉన్నదా?” అని మర్యాదగానే అడిగినాడు. లేదు. ఓటు నగరానికి మార్చుకొని ఏళ్ళయినది. “అట్లయితే అదో, ఆ పక్కగా కూర్చోండి సార్, తలలు లెక్కపెట్టేటప్పుడు తికమక అవుతుంది” అన్నాడు. లేచి పక్కకు పోయి కూర్చొన్నాము. పుట్టిన ఊరిలో మేము చుట్టాలమని ఆ రోజు తెలిసినది.

సభ సాగినది. లెక్కలు చదివినారు, ఎవరికీ సరిగా వినబడలేదు. అప్పుడు మా చిన్నమ్మ లేచినది. డెబ్బయ్యేళ్ళ మనిషి. ఎప్పుడూ సభలో నోరు తెరిచి ఎరుగదు. తెలుగులోనే మొదలుపెట్టినది.

“అయ్యా, నీళ్ళ ట్యాంకు మా వీధి మొదట్లోనే ఉండాది. నీళ్ళు మాత్రం మా వీధికి రావు. నూలుకు గంజి పెట్టేదానికి గూడా బిందె మోసుకొని పైవీధికి పోతా ఉండాము. మోటారు వేసే పిల్లోడు ఏ వీధికి ఎంతసేపు వదులుతాడో ఒక పలకమీద రాసి ట్యాంకుకు తగిలించండి. ఇంకేమీ అడగలేదు నేను.”

“తమిళంలో చెప్పండమ్మా, నేను రాసుకొనేది తమిళంలో గదా” అన్నాడాయన. చిన్నమ్మ తడబడి కూర్చోబోయినది. పైవీధికి చెందిన ఒక తమిళ అమ్మాయి లేచి, ఆమె చెప్పినది ఒక్క మాట విడవకుండా తమిళంలో చెప్పి, “ఇట్లా తీర్మానం రాయండి” అన్నది. నీళ్ళు ఎక్కువ పోయేది ఆ అమ్మాయి వీధికే! చేతులు లేచినవి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కినది. ఊరు, నీరు, సభ, తీర్మానం: ఈ మాటలు రెండు భాషలలోనూ ఉన్నవేనని అప్పుడు మాకు తట్టినది.

అద్భుతమేమీ జరగలేదు. పలక తగిలించినారు, రెండు వారాలు రాసినారు, మూడోవారం మానేసినారు. ఆగస్టు 15న చిన్నమ్మ మళ్ళీ లేచి, “మే నెల తీర్మానం చదవండి” అన్నదట. చదివినారు. మళ్ళీ పలకమీద రాత మొదలైనది. ఈనాటికీ ఆ వీధికి వచ్చే నీళ్ళు తక్కువే, కాని ఎంత తక్కువో ఊరందరికీ తెలుసు. ఎవరికి ఎంత అందుతున్నదో నలుగురి ఎదుట తెలియడమే న్యాయానికి మొదటి మెట్టని మా నమ్మకం.

ఇది మా ఊరి చిన్న కథ. పెద్ద కథ అదే జిల్లాలో ఉన్నది. పూందమల్లి దాటిన తర్వాత కుత్తంబాక్కం అనే పంచాయతీ. అక్కడ పుట్టిన ఆర్. ఇళంగోగారు దళిత కుటుంబంలోనివారు. రసాయన ఇంజనీరింగు చదివి, కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలో పనిచేసి, 1994లో ఆ ఉద్యోగం మానుకొని ఊరు చేరినారు. 1996లో పంచాయతీ అధ్యక్షులైనారు. కులం గొడవలు, సారా కాపు, పనిలేమి, ఇవి ఆనాటి ఊరి లక్షణాలు. ఆయన ఏది తలపెట్టినా గ్రామసభలో పెట్టి, ఊరి చేత అనిపించి చేసినారు.

ఒకసారి గ్రానైటు పాలిషు మిల్లులలో మిగిలిన రాతిపలకలతో మురుగుకాలువ కట్టించినారు. ఖర్చు తగ్గినది, కాలువ గట్టిగా వచ్చినది. కాని అంచనా కాగితంలో ఉన్నట్లు కట్టలేదని అభియోగం వచ్చి, కొంతకాలం పదవి పోయినది. ఊరిసభ ఆయన వెనుక నిలిచినది. మళ్ళీ పదవిలోకి వచ్చినారు. 2001లో ఊరు రెండోసారి ఎన్నుకొన్నది.

ఆ ఊరి సమత్తువపురం సంగతి వినండి. అన్ని కులాలవారికీ ఒకేచోట నూరిళ్ళు కట్టే తమిళనాడు ప్రభుత్వ పథకమది. కుత్తంబాక్కంలో దానిని జంట ఇళ్ళుగా కట్టినారు. యాభై జంటలు. ఒక సగంలో దళిత కుటుంబం, రెండో సగంలో ఇంకొక కులంవారు. నడుమ ఉన్నది ఒక్కటే గోడ. ఊరిలో దొరికే మట్టితో ఇటుకలు చేసి, ఊరివాళ్ళకే కూలి దక్కేటట్లు కట్టినారు. పక్కింటి పసిపాప ఏడిస్తే వినబడే గోడ అది. 2001లో ఇళంగోగారు ఇతర పంచాయతీల అధ్యక్షులకు శిక్షణ ఇవ్వడానికి పంచాయత్ అకాడమీ అనే సంస్థ కూడా మొదలుపెట్టినారు.

ఇదంతా కొత్త సంగతా అని అడిగేవారు ఉంటారు. అక్కడికి దగ్గరలోనే ఉత్తరమేరూరు ఉన్నది. పరాంతక చోళుని కాలంలో, సుమారు 920లో, ఆలయం గోడమీద చెక్కిన శాసనం అక్కడిది. తాటాకులమీద పేర్లు రాసి కుండలో వేసి, పసిపిల్లవానిచేత తీయించి, ఊరి సంఘాలకు మనుషులను ఎంచుకొనేవారు. లెక్క అప్పజెప్పనివాడికే గాక అతని దగ్గర బంధువులకు కూడా అర్హత లేదు. గొప్ప సంగతే! కాని భూమి ఉండవలెను, వేదం చదివి ఉండవలెను. ఆడవారి పేరు ఆ కుండలో లేదు. మా నేత తాతల పేరూ అందులో పడేది కాదు. గతం గొప్ప చెప్పుకొనేటప్పుడు ఆ కుండలో ఎవరి పేరు లేదో కూడా చెప్పుకోవలెను.

ఇప్పుడు మాత్రం కుండలో అందరి పేర్లూ ఉన్నవా? చట్టం ప్రకారం ఉన్నవి. 2016లో తమిళనాడు స్థానిక సంస్థలలో సగం స్థానాలు స్త్రీలకు ఇస్తూ చట్టం చేసినది. అయినా 2020 ఆగస్టు 15న తిరువళ్ళూరు జిల్లాలోనే, గుమ్మిడిపూండి దగ్గర ఆత్తుపాక్కంలో, ఎన్నికైన దళిత అధ్యక్షురాలిని జెండా ఎత్తనివ్వలేదు. ఆ వార్త దేశమంతా పాకినది. అయిదు రోజుల తర్వాత కలెక్టరు స్వయంగా వచ్చి ఆమెచేత జెండా ఎగురవేయించినారు. కలెక్టరు రావడం మంచిదే. కాని కలెక్టరు రావలసిన అవసరం లేకుండా, ఊరే నిలబడి “అమ్మా, నీవు ఎత్తు” అనే రోజు రావలెను.

ఇంకొక చిక్కు. 2016లో పంచాయతీల గడువు తీరినా, 2019 డిసెంబరుదాకా తమిళనాడులో గ్రామాలకు ఎన్నికలు జరగలేదు. మూడేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. 2025 జనవరిలో గడువు తీరగానే తిరువళ్ళూరు జిల్లా పంచాయతీలు మళ్ళీ ప్రత్యేకాధికారుల చేతికి పోయినవి. ప్రెసిడెంటు గడువు తీరిపోతుంది, మెంబరు గడువు తీరిపోతుంది. ఓటరు గడువు తీరదు. ఎన్నికైనవారు లేనికాలంలోనే గ్రామసభలో నిలబడి అడిగే మనిషి అవసరం ఎక్కువ.

ఈ పని మన తెలుగు సీమలకు కొత్త కాదు. వరంగల్లు జిల్లాలోని గంగదేవిపల్లి 1980 దశకంలోనే కూడబలుక్కొని సారాను వెళ్ళగొట్టినది. నీటికి ఒక కమిటీ, బడికి ఒక కమిటీ, ఆరోగ్యానికి ఒక కమిటీ వేసుకొని, ఇంటిపన్ను తామే పూర్తిగా కట్టుకొని పేరు తెచ్చుకొన్నది. 2006 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మస్తర్లను ఊరిలో బిగ్గరగా చదివి, “ఈ పేరుగల మనిషికి ఈ కూలి ముట్టినదా?” అని అందరి ఎదుట అడిగే సామాజిక తనిఖీ మొదలైనది. కేరళ 1996లో ప్రణాళిక నిధులలో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు వదలి, వార్డు వార్డునా సభలు పెట్టినది. బ్రెజిల్ దేశంలో పోర్టో అలెగ్రి నగరం 1989 నుండి నగర బడ్జెటులో కొంత భాగాన్ని పేటల సభలలో ప్రజలచేత నిర్ణయింపజేసినది. దేశం ఏదైనా మూలసూత్రం ఒక్కటే. డబ్బు ఎంత ఉన్నదో ముందు చెప్పు. దేనికి పెట్టవలెనో అడుగు. పెట్టిన తర్వాత మళ్ళీ వచ్చి చెప్పు.

ఇక మనకేమి పని అంటారా? వలస వచ్చినవాళ్ళము మనము. మన పేరు ఊరి జాబితాలో లేదు, అక్కడ చేయి ఎత్తలేము. అయినా మూడు పనులు మన చేతిలో ఉన్నవి.

మొదటిది. వారం వారం ఇంటికి ఫోను చేస్తాము. ఆరోగ్యం అడుగుతాము, వాన పడినదా అని అడుగుతాము. అన్నాయినా, వదినాయినా, “మొన్న గ్రామసభకు పోయినారా? ఏమి చదివినారు?” అని కూడా అడుగుదాము. మనము అడుగుతామని తెలిస్తే వాళ్ళు పోతారు. ముఖ్యంగా ఆడవారిని పొమ్మని చెబుదాము.

రెండవది. గుడికో, బడికో, నీళ్ళకో మనము డబ్బు పంపుతాము. పంపేముందు, “దీనిని గ్రామసభలో చెప్పండి, ఊరికి ముందు ఏది కావలెనో ఊరే నిర్ణయించనీయండి” అని ఒక్క మాట జతచేద్దాము. మేము గోపురానికి పంపినప్పుడు ఎవరినీ అడగలేదు. ఆ సంవత్సరం ఊరికి కావలసినది ఇంకొక నీళ్ళపైపు అయి ఉండవచ్చు. ఈ తప్పు మాది గనుక నిర్భయంగా చెబుతున్నాము.

మూడవది కష్టమైనది. మన పేరు ఎక్కడి జాబితాలో ఉన్నదో అక్కడ మనము ఏమి చేస్తున్నాము? ఈ నగరంలో మన వార్డు కౌన్సిలరు పేరు మనలో ఎంతమందికి తెలుసు? మన పేట లెక్కలు ఎప్పుడైనా అడిగినామా? అక్కడ చుట్టాలము, ఇక్కడ అద్దెవాళ్ళము అనుకొంటూ రెండుచోట్లా పక్కకు జరిగి కూర్చొంటే, మనము మళ్ళీ ఉత్త అంకెలమే అవుతాము. 1960లో మా తాతను ఎవరూ అడగలేదు. మనలను అడిగే ఏర్పాటు ఉండి కూడా మనము పోకపోతే, తప్పు గీత గీసినవారిది కాదు.

చివరగా మన సంఘం మాట. పెద్దలు మన్నించవలెను. ఏటా సర్వసభ్య సమావేశంలో జమాఖర్చు పత్రం పంచుతారు. మనము దానితో విసురుకొంటూ ఫలహారం ఎప్పుడని చూస్తాము. ఈ ఏడు ఆ పత్రాన్ని బిగ్గరగా చదివించుకొందాము. పిల్లలను కూడా కూర్చోబెట్టి, వాళ్ళచేత ఒక్క ప్రశ్న అయినా అడిగించుదాము. సభలో లేచి నిలబడి మాట్లాడడం ఈత వంటిది, నీళ్ళలో దిగితేగాని రాదు.

మా చిన్నమ్మ తీర్మానం పుస్తకంలో తన పేరు తెలుగులో సంతకం చేసినది. చుట్టూ అంతా తమిళ అక్షరాలు, నడుమ మన అక్షరాలు నాలుగు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అది ఆమె ఊరు గదా!

కార్యదర్శిగారి చేయి గంటమీదికి పోతున్నది. ఈ కొత్త సంవత్సరం మీ మీ ఊళ్ళకు నిండు చెరువులను, నిండు సభలను ఇవ్వవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.